కోటోపాక్సీ అగ్నిపర్వతం: 4,864 మీటర్ల విడిది దాకా అరవై మూడేళ్ళ నాన్నగారిని తీసుకువెళ్ళవచ్చునా?

వేళచ్చేరి వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అక్కాబావలు ఉద్యోగరీత్యా ఈక్వడార్ రాజధాని కీటో పక్కనే ఉన్న సంగోల్కీ అనే ఊరిలో ఉంటున్నారు. వచ్చే జూలైలో నేనూ, నా భార్యా, అరవై మూడేళ్ళ మా నాన్నగారూ మూడు వారాల పాటు వారింట్లో ఉండడానికి బయలుదేరుతున్నాము. శుక్రవారం రాత్రి అక్కడ దిగుతాము. ఆదివారం నాడే కోటోపాక్సీకి తీసుకువెళ్తానని బావగారు ఉత్సాహపడుతున్నారు. కారు సుమారు 4,600 మీటర్ల ఎత్తు దాకా వెళ్తుందనీ, అక్కడి నుండి కిలోమీటరు కూడా లేని నడకతో 4,864 మీటర్ల దగ్గర ఉన్న హోసే రివాస్ విడిదికి చేరుకోవచ్చుననీ, అక్కడ వేడి వేడి చాక్లెట్ తాగి దిగిపోవచ్చుననీ ఆయన అంటున్నారు.

నాన్నగారు రక్తపోటుకు ఒక మాత్ర వేసుకుంటారు. అది మినహా ఆరోగ్యంగానే ఉన్నారు, రోజూ తెల్లవారుజామున చెన్నైలోని తిరువాన్మియూరు బీచిలో ఐదు కిలోమీటర్లు నడుస్తారు. ఆ కొండ 2015లోనూ, మళ్ళీ 2022లోనూ బూడిద చిమ్మిందని చదివినప్పటి నుండి నా భార్యకు నిద్ర పట్టడం లేదు. ఆమె భయమంతా నిప్పు గురించి, నా భయం నాన్నగారి గుండె గురించి. మేము అక్కడ ఉన్న రోజునే అది పేలితే ఏమి చేయాలి? నాన్నగారిని పైకి తీసుకువెళ్ళడం తెలివైన పనేనా? వీలైతే నేనొక్కణ్ణీ 5,897 మీటర్ల శిఖరం దాకా ఎక్కాలని కూడా ఆశగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

అన్నానగర్ మాస్టారు

నేను కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కోటోపాక్సీని కళ్ళారా చూడలేదు గానీ, పాఠంలో అది ఎప్పుడూ నాకు పెద్ద ఉదాహరణ. మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట ఆ కొండ పేరు కాదు, మీ అక్కగారి ఊరి పేరు. ఎందుకో చెబుతాను.

అగ్నిపర్వతం అనగానే మనకు ఎర్రగా పారే లావా కళ్ళ ముందు మెదులుతుంది. కోటోపాక్సీ విషయంలో లావాకు భయపడవలసిన పని చాలా తక్కువ. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ కూడా దూరం లేని ఆ కొండ నెత్తిన హిమానీనదాలు ఉన్నాయి. దశాబ్దాలుగా అవి తరిగిపోతున్నా ఇప్పటికీ పెద్ద మంచు టోపీయే. భారీ విస్ఫోటంలో బిలం నుండి పొంగి దొర్లే మండే బూడిదా, వాయువులూ ఆ మంచు మీద పడితే అది నిమిషాల్లో కరిగి, దారిలోని మట్టినీ రాళ్ళనూ కలుపుకుని, తడి కాంక్రీటులాంటి ప్రవాహమై లోయల వెంట పరుగెడుతుంది. దీనిని లహార్ అంటారు. ఇది ఇండోనేసియాలోని జావా భాష నుండి వచ్చిన మాట. 1877 జూన్ 26న జరిగింది ఇదే. దక్షిణం వైపు వెళ్ళిన ప్రవాహం లాటాకుంగా పట్టణాన్ని ధ్వంసం చేసింది. ఉత్తరం వైపు వెళ్ళినది పీటా నది వెంట లోస్ చీల్యోస్ లోయ గుండా సాగి, చివరికి ఎస్మెరాల్దాస్ దగ్గర పసిఫిక్ సముద్రంలో కలిసింది. మరొకటి తూర్పుగా అమెజాన్ నదీ పరివాహకంలోకి దిగింది. కొండ ఒకటే అయినా రెండు సముద్రాల వైపూ బురద పంపిందన్నమాట.

సంగోల్కీ ఉన్నది సరిగ్గా ఆ లోస్ చీల్యోస్ లోయలోనే. లహార్ల దారిలో నేడు 3 లక్షల మందికి పైగా నివసిస్తున్నారని అంచనా. అంటే మీరు ఒక ఆదివారం నాడు మూడు గంటలు గడపబోయే చోటు గురించి అడిగారు గానీ, మూడు వారాలు నిద్రపోబోయే చోటు గురించి అడగలేదు. ఊరంతా ముప్పులో ఉందని నా ఉద్దేశం కాదు. నదికి ఎంత దూరంలో, ఎంత ఎత్తున ఇల్లు ఉందన్నదే లెక్క. లహార్ ముప్పు పటాలు అక్కడి అధికారులు అందరికీ అందుబాటులో ఉంచారు. బావగారిని వాటిలో తమ వీధిని వెదకమనండి. ఇల్లు రంగు వేసిన ప్రాంతంలో ఉంటే, ఏ గట్టు ఎక్కాలో, నడిచి వెళ్తే ఎంత సేపు పడుతుందో మీరు దిగిన మరునాడే ఒకసారి నడిచి చూసుకోండి. సైరన్ మోగితే కారు తీయడం కంటే ఎత్తైన చోటికి నడవడమే చాలాసార్లు మేలు, ఎందుకంటే అందరూ కార్లు తీస్తే వీధి కదలదు. పారిపోవడానికి దొరికే సమయాన్ని అక్కడ నిమిషాల్లోనే లెక్కించుకోవాలి.

ఇది అతిజాగ్రత్త అనుకునేవారికి కొలంబియాలోని నెవాదో దెల్ రూయిజ్‌ను గుర్తు చేస్తాను. 1985 నవంబరు 13 రాత్రి జరిగిన ఆ విస్ఫోటం పరిమాణంలో చిన్నదే. ముప్పు పటం అంతకు ముందే తయారై ఉంది. అయినా ఆర్మేరో పట్టణాన్ని ఖాళీ చేయించలేదు. లహార్ల వల్ల సుమారు 23,000 మంది చనిపోయారు.

ఇక మీ భార్యగారి ప్రశ్న. 2015 ఆగస్టు 14న జరిగినవి ముఖ్యంగా ఆవిరి పేలుళ్ళు. కింది వేడికి నీరు ఒక్కసారిగా ఆవిరై పాత రాతిని పొడిచేసి పైకి చిమ్మింది. శిఖరారోహణను అప్పుడు ఆపివేసి 2017 అక్టోబరులో గానీ మళ్ళీ అనుమతించలేదు. 2022 అక్టోబరులో మొదలైన బూడిద, వాయువుల విడుదల 2023 మధ్య వరకూ సాగింది. లహార్లను పుట్టించే భారీ విస్ఫోటానికి ముందు సాధారణంగా ప్రకంపనలు పెరగడం, కొండ ఉబ్బడం, గంధక వాయువు ఎక్కువ కావడం వంటి సూచనలు కనిపిస్తాయి. ఆవిరి పేలుడుకు మాత్రం అలాంటి హామీ లేదు. జపాన్‌లోని ఒంతాకే కొండ 2014 సెప్టెంబరు 27 మధ్యాహ్నానికి కొన్ని నిమిషాల ముందు, అతి తక్కువ హెచ్చరిక స్థాయిలో ఉండగానే పేలి, శిఖరం చుట్టూ ఉన్న 63 మందిని బలి తీసుకుంది. అందువల్ల బిలానికి ఎంత దగ్గరగా ఉన్నామన్నదే ముఖ్యం. ఆ కారణంగానే శిఖరం మూసివున్నా కొన్నిసార్లు కింద ఉన్న లింపియోపుంగో సరస్సు దాకా అనుమతిస్తారు. అది పర్యాటకుల మొహమాటానికి ఇచ్చిన సడలింపు కాదు.

బయలుదేరే ముందు రోజు ఈక్వడార్ భూభౌతిక సంస్థ వెలువరించే నివేదిక చూడండి. స్పానిష్ రాకపోయినా ఇబ్బంది లేదు, రెండే వరుసలు చాలు. ఉపరితల చర్య ఏ స్థాయిలో ఉందో ఒకటి చెబుతుంది, అంతర్గత చర్య ఏ స్థాయిలో ఉందో మరొకటి చెబుతుంది. ప్రతి దాని పక్కనా అది పెరుగుతోందా, మార్పు లేకుండా ఉందా అన్నది కూడా రాసి ఉంటుంది. నేనైతే స్థాయి కంటే ఆ రెండో మాటనే జాగ్రత్తగా చదువుతాను. "సిన్ కాంబియో" అంటే మార్పు లేదని అర్థం.

ఓఎంఆర్ బాటసారి

మాస్టారు చెప్పినదాని తరువాత కొండ గురించి నేను కలపవలసింది లేదు. నేను 2019లో ఆ విడిది దాకా వెళ్ళి వచ్చాను కనుక ఆ ఒక్క కిలోమీటరు గురించి చెబుతాను.

కీటో నుండి బయలుదేరేటప్పుడు కొన్న చిప్స్ పొట్లం కారు ఆగే చోటికి చేరేసరికి దిండులా ఉబ్బిపోయింది. తలుపు తెరవగానే గాలి దానిని నా చేతిలోంచి లాక్కునిపోయింది. జూలై, ఆగస్టు నెలలు అక్కడ వాన తక్కువ కాలమే అయినా గాలులు చాలా బలంగా ఉంటాయి. ముందర కనిపించే దారి ఎర్రటి, నల్లటి అగ్నిపర్వత ఇసుక. రెండు అడుగులు వేస్తే ఒక అడుగు వెనక్కి జారుతుంది. విడిది పసుపు రంగు పైకప్పు మొదటి నిమిషం నుండీ కనిపిస్తూనే ఉంటుంది, అదే మోసం. మన మెరీనాలో ఇసుక దాటి నీళ్ళ దగ్గరికి వెళ్ళినంత దూరమే అనిపిస్తుంది. నాకు గంటా పది నిమిషాలు పట్టింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఓఎంఆర్‌లోని మా ఆఫీసులో రోజూ పద్నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కి సాధన చేసినవాణ్ణి నేను.

మెట్లు ఎక్కడం కాళ్ళకు పనికివచ్చింది గానీ ఊపిరికి పనికిరాలేదు. చెన్నై నుండి వెళ్ళే మనకు ఎత్తు అలవాటు చేసుకునే చోటే దగ్గరలో లేదు. ఊటీలోని దొడ్డబెట్ట 2,637 మీటర్లు. కీటో నగరం అంతకంటే రెండు వందల మీటర్లు ఎత్తున ఉంది. అంటే దొడ్డబెట్ట శిఖరం కంటే ఎత్తున ఉన్న ఊరిలో పెట్టె లాక్కుంటూ తిరుగుతామన్నమాట.

నాతో వచ్చిన స్నేహితుడు అక్కడ దిగిన రెండో రోజునే ఈ ప్రయాణానికి ఒప్పుకున్నాడు, మీ పథకం లాగానే. సగం దూరంలో ఒక రాతి మీద కూర్చుని, చేతి తొడుగు ఎలా వేసుకోవాలో తెలియక దానిని అటూ ఇటూ తిప్పుతూ చూస్తున్నాడు. అడిగితే "బాగానే ఉన్నాను" అన్నాడు. మా డ్రైవరు ఒక్క మాట మాట్లాడకుండా అతని చంక కింద చేయి వేసి కిందికి నడిపించుకుపోయాడు. 3,800 మీటర్లకు దిగేసరికి అతనే ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని వేళాకోళం మొదలుపెట్టాడు. ఆ డ్రైవరు తొందరే మమ్మల్ని కాపాడిందని నా నమ్మకం.

కనుక ఆదివారం మాట మరిచిపోండి, మూడో వారంలో పెట్టుకోండి. ముందు కీటోలోని కేబుల్ కారు ఎక్కండి. అది పిచించా కొండ వాలు మీద 3,900 మీటర్లు దాటిన చోట దింపుతుంది. పిచించా కూడా 1999లో కీటో మీద బూడిద చల్లిన అగ్నిపర్వతమే సుమా. మరో రోజు కిలోటోవా బిలం సరస్సు అంచుకు వెళ్ళండి, అది కూడా ఇంచుమించు అంతే ఎత్తు. కోటోపాక్సీ ఉద్యానంలోనే లింపియోపుంగో సరస్సు ఉంది, 3,830 మీటర్లు. దాని చుట్టూ చదునైన బాట. నాన్నగారికి నేను సిఫారసు చేసేది అదే. మేఘం తొలగితే కొండ మొత్తం అక్కడి నుండే కనిపిస్తుంది. పైన విడిది దగ్గర నిలబడితే కొండ ఆకారం కనిపించదు, తల పైకెత్తితే మంచు గోడ మాత్రమే కనిపిస్తుంది.

శిఖరం సంగతి వేరు. అది హిమానీనదం మీద తాడు కట్టుకుని, బూట్లకు ఇనుప ముళ్ళు తగిలించుకుని, అర్ధరాత్రి బయలుదేరి ఆరేడు గంటలు ఎక్కే పని. ఎండ వచ్చి మంచు మెత్తబడక ముందే దిగిపోవాలి. గుర్తింపు పొందిన గైడు లేకుండా అనుమతించరు. దానికి ముందు 5,126 మీటర్ల ఇలినీసా నోర్తె వంటి కొండ ఒకటి ఎక్కి ఒళ్ళు పరీక్షించుకోవడం అక్కడి ఆనవాయితీ. మీ మూడు వారాలు కుటుంబానివి కనుక, ఈసారికి మానుకోమనే నా సలహా. చదివి కోపం తెచ్చుకోకండి.

అడయారు వైద్యురాలు

బాటసారి గారి స్నేహితుని కథలో ఆ చేతి తొడుగు దగ్గరే నేను ఆగాను. తలనొప్పి, వికారం, నీరసం, నిద్రలేమి ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు తొలి లక్షణాలు, అప్పటికి ఇంకా ఎక్కకుండా ఆగితే చాలాసార్లు తగ్గిపోతాయి. తికమక పడడం, సరళ రేఖ మీద నడవలేకపోవడం మెదడు వాపుకు సూచనలు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, నురగతో కళ్ళె పడడం ఊపిరితిత్తులలో నీరు చేరిందనడానికి సూచనలు. ఈ రెండింటిలో ఏది కనిపించినా వెంటనే దిగిపోవడమే వైద్యం. విడిదిలో కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని చూడకూడదు. "బాగానే ఉన్నాను" అని రోగి అన్న మాటకు అక్కడ విలువ లేదు.

4,864 మీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు గానీ వాయుపీడనం తగ్గడం వల్ల మనకు అందేది సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 55 శాతమే. కోవిడ్ నాటి ఆక్సీమీటరు చాలామంది ఇళ్ళలో ఇంకా ఉంది. దానిని పట్టుకువెళ్తే అక్కడ 80కి అటూ ఇటూ చూపించవచ్చు. ఇంట్లో ఆ అంకె కనిపిస్తే అంబులెన్సు పిలుస్తాము. అక్కడ అంకెను కాకుండా మనిషిని చూడండి. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యంలో సాధారణ నియమం. మీరు సంగోల్కీలో సుమారు 2,500 మీటర్ల దగ్గర పడుకుని పగటిపూట పైకి వెళ్ళి వస్తారు కనుక ఆ విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది. వారం, పది రోజులు గడిచాక వెళ్తే ఇంకా మంచిది.

నాన్నగారి రక్తపోటు అదుపులో ఉంటే అదొక్కటే అడ్డంకి కాదు. అయితే ఎత్తుకు వెళ్ళిన మొదటి రోజుల్లో అది పెరిగే అవకాశం ఉంది కనుక కొలిచే యంత్రం వెంట ఉంచుకోండి, బయలుదేరే ముందు గుండె పరీక్ష చేయించండి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర శరీరం ఎత్తుకు అలవాటు పడడానికి సాయపడుతుంది, ఎక్కడానికి ఒక రోజు ముందు నుండే మొదలుపెడతారు. కానీ రక్తపోటుకు ఆయన వేసుకునేది మూత్రం ఎక్కువ చేసే రకం మాత్ర అయితే, రెండూ కలిసి ఒంట్లో పొటాషియాన్ని తగ్గించవచ్చు. సల్ఫా మందులు పడనివారు కూడా తమ డాక్టరుకు ఆ మాట చెప్పాలి. అందుకని స్నేహితుల మాట మీద మందుల షాపులో కొనవద్దు. మొదటి రాత్రులలో నిద్రమాత్రలూ, మద్యమూ వద్దు.

ఉబ్బసం ఉన్నవారు గంధక వాయువు వాసన తగిలితే వెనక్కి రావడం మంచిది. బూడిద రాలితే ఎన్95 మాస్కు, కళ్ళకు మూసివుండే అద్దాలు అవసరం. అది కట్టెల పొయ్యిలోని బూడిద లాంటిది కాదు, సూక్ష్మమైన రాతి, గాజు పలుకులు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు వెంటనే తీసివేయాలి.

1880లో ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయ పర్వతారోహకుడు ఎత్తు మనిషిని ఏమి చేస్తుందో గమనించాలని ఆ శిఖరం దగ్గరే డేరా వేసుకుని ఒక రాత్రి గడిపారు. మా వృత్తిలోని వారికి ఆయనంటే గౌరవమే గానీ, నాన్నగారికి సరస్సు చాలు.

పెరంబూరు అబ్బాయి

ఇంత దూరం దేనికి? చెన్నై నుండి విమానం ఎక్కితే అండమాన్‌లో బారెన్ దీవి లేదా? దేశంలో చురుకుగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే కదా.

అన్నానగర్ మాస్టారు

బాబూ, ఆయన అక్కగారింటికి వెళ్తున్నారు, అగ్నిపర్వతం దారిలో తగిలింది. బారెన్ 1991లో మళ్ళీ మేల్కొన్న మాట నిజమే. కానీ దాని ఎత్తు సముద్రమట్టం నుండి 354 మీటర్లే, పర్యాటకులు దీవి మీద కాలు పెట్టడానికి వీలు లేదు, ఓడ మీద నుండి చూడవలసిందే. ఎత్తు గురించిన ఈ చర్చకు అది పనికిరాదు.

వేళచ్చేరి వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బావగారితో మాట్లాడాను. పటంలో వెదికితే వారి ఇల్లు రంగు వేసిన ప్రాంతానికి నాలుగు వీధుల అవతల ఉన్నదట. అయితే అక్క పని చేసే బడి మాత్రం లోపలే ఉంది. బడిలో ఏటా ఖాళీ చేసే అభ్యాసం చేయిస్తారనీ, తాను ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదనీ అక్క తాపీగా అన్నది. ఆదివారం ప్రయాణం రద్దయింది. మూడో వారంలో లింపియోపుంగో దాకా అందరమూ వెళ్తాము. ఆ రోజు ఒంటికి బాగుంటే నేనూ, బావగారూ విడిది దాకా వెళ్ళి వస్తాము. శిఖరం ఈసారికి లేదు, కోపమూ లేదు. ప్రయాణ బీమా పత్రం తీసి చూస్తే ఒక ఎత్తు దాటిన నడకలకు వర్తించదని చిన్న అక్షరాలలో ఉంది. దానిని మార్పించుకుంటున్నాను. ఇంకేమైనా మరిచానా?

ఓఎంఆర్ బాటసారి

ఒకటి మరిచారు, అదీ కొండకు సంబంధించినది కాదు. దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్‌కు టీకా. కీటో, కోటోపాక్సీ ఎత్తులలో ఆ దోమల బెడద లేదు. కానీ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టిన జాబితాలో ఈక్వడార్ ఉన్నందున, అక్కడి నుండి బయలుదేరిన ఆరు రోజుల లోపల టీకా పత్రం లేకుండా భారతదేశంలో దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది. మన ఊళ్ళో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు.

అడయారు వైద్యురాలు

పైన నేనే రాయవలసింది. మీకూ మీ భార్యగారికీ సరే, నాన్నగారి విషయంలో మాత్రం ఆగండి. అరవై దాటినవారిలో ఈ టీకా వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం అరుదే అయినా ఎక్కువ. ముందు ఆయన డాక్టరును కలిసి, వేయించాలా లేక వైద్య కారణాల మీద మినహాయింపు పత్రం తీసుకోవాలా అన్నది తేల్చుకోండి. మినహాయింపు పత్రం ఉన్నా విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది కనుక, తిరుగు ప్రయాణంలో ఆ జాబితాలో లేని మరో దేశంలో వారం రోజులు ఉండి రావడం కుదురుతుందేమో టికెట్లు కొనక ముందే చూడండి.

వేళచ్చేరి వాసి

టికెట్లు ఇంకా కొనలేదు. లండన్‌లో పిన్ని ఉన్నారు. వారం రోజులంటే నాన్నగారికి అభ్యంతరం ఉండదు, పిన్నిని అడగాలి.